గట్టు మీది మాట

లిడియా ఆ బడికి వచ్చిన కొత్తలో ఆమె చెవిన ముందుగా పడినవి పాఠాలు కావు, ఫిర్యాదులు.

"టీచర్, వీడు గిల్లాడండీ."

"టీచర్, ఈమె నా రబ్బరు తీసిందండీ."

"టీచర్, వాడు మిమ్మల్ని పొట్టి టీచరన్నాడండీ. నేననలేదండీ, వాడే."

వాచకంలో ఒక పేజీ సాగేలోపు గదినిండా చేతులు లేచేవి. ఒక్క చెయ్యి కూడా పాఠం కోసం లేచింది కాదు.

తిరువూరు దాటి మామిడితోటల వైపు పోయే దారిలో, కాలనీ చివర ఉంటుంది ఆ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, వంటపాక, ఆవరణలో చేతిపంపు. ఇద్దరే టీచర్లు. హెడ్మాస్టరు హనుమయ్య చిన్న తరగతులు తన దగ్గర పెట్టుకుని మూడు, నాలుగు, అయిదు ఆమెకి అప్పగించాడు. పిల్లల్లో ఎక్కువమంది పత్తిచేలల్లోకీ తోటల్లోకీ కూలికి పోయేవాళ్ల పిల్లలు. మిగతావాళ్లు ఆటోలు తోలేవాళ్ల, బండి మీద కూరగాయలు అమ్ముకునేవాళ్ల పిల్లలు.

ఫిర్యాదులకి ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. టీచరు గది దాటగానే లీడరు లేచి నల్లబల్ల మీద ఓ మూలన 'మాట్లాడినవారు' అని రాసి, కింద పేర్లు రాసేవాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ మార్కు. టీచరు వచ్చి ఎన్ని ఇంటూలుంటే అన్ని దెబ్బలు వెయ్యాలి. మన బళ్లన్నిటిలో ఉన్నదే ఇది. లీడరుకి జామకాయ పెట్టినవాడి పేరు బల్లకి ఎక్కదు. పెట్టనివాడు నోరు కుట్టుకుని కూర్చున్నా ఎక్కుతుంది.

ఇది లిడియా ట్రైనింగులో నేర్చుకున్న సంగతి కాదు. ఆమెది వినగడప. నాన్న పత్తిచేలకి మందు కొట్టే కూలి. మూడో తరగతిలో ఉండగా ఆమె సుద్దముక్కలు దొంగిలించిందని ఎవరో చెప్పారు. అప్పటి మాస్టారు ఏమీ అడగలేదు, చెయ్యి చాపమన్నాడు. తర్వాత గది ఊడుస్తుంటే ఆ సుద్దముక్కల పెట్టె బీరువా వెనక ఆమెకే దొరికింది. తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడంతా ఆమె బళ్లో నోరు విప్పలేదు. తనకంటూ ఒక తరగతి వచ్చాక ఆమె పట్టుబట్టింది ఒక్కదానికే: ఇక్కడ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పి బతకకూడదు.

మొదట నల్లబల్ల మీది ఆ మూల తుడిచేసింది. బెత్తాన్ని వంటపాకకి పంపింది. వంటామె దాంతో పొయ్యిలో నిప్పులు కెలుక్కునేది. తుడిచేస్తే పోయే అలవాటు కాదని ఆమెకి తెలుసు. ఒక అలవాటు తీసేస్తే దాని జాగాలో ఇంకొకటి పెట్టాలి. లేకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది.

చేతిపంపు చుట్టూ మోకాలెత్తు సిమెంటు గట్టు ఉంది. తగువు పడ్డ ఇద్దరూ వెళ్లి ఆ గట్టు మీద ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకడు, ఎదుటివాడు తనకేం చేశాడో చెప్పాలి. వాడు చెప్పినంతసేపూ రెండోవాడు అడ్డు రాకూడదు. తర్వాత రెండోవాడి వంతు. తప్పెవరిదో వాళ్లు 'తప్పు నాది' అనాలి. ఆ మాట వచ్చాక ఒకడు పంపు కొడితే ఇంకొకడు దోసిలి పట్టి తాగాలి, ఆ తర్వాత ఇటువాడటు. తడిచేతులతో లోపలికి రావాలి. తడిచేతులతో వచ్చినవాళ్లని ఇంకెవరూ ఏమీ అడగకూడదు, టీచరైనా సరే.

మొదట్లో గట్టు మీదే కొట్టుకున్నారు. ఒకడు ఇంకొకణ్ని బురదలోకి తోశాడు. లిడియా కిటికీ దగ్గర నిలబడి చూసేదే కాని బయటికి వెళ్లేది కాదు. వెళితే అది మళ్లీ టీచరు తీర్చే తగువవుతుంది. "ఇదేం బడమ్మా, పంచాయతీ ఆఫీసా?" అని హనుమయ్య నవ్వాడు.  వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ వచ్చింది. మెల్లగా గట్టు మీద గొంతులు తగ్గాయి. తడిచేతులు పెరిగాయి.

రెండో ఏడు వచ్చేసరికి గదిలో ఆ చేతులు లేవడం ఆగిపోయింది. దొరికిన వస్తువులు వెయ్యడానికి పాత బిస్కెట్ల డబ్బా పెట్టింది. దొరికిన పెన్సిలు పోగొట్టుకున్నవాడికి ఎవరూ అడగకుండానే చేరేది. మధ్యాహ్న భోజనంలో ఎవరి గుడ్డు నేలపాలైనా పక్కవాడు తన దాంట్లోంచి తుంచి పెట్టేవాడు.

"మీ క్లాసు ముందు నుంచి వెళ్తుంటే చెప్పులు విప్పాలనిపిస్తోందమ్మా," అనేవాడు హనుమయ్య. "లోపల ప్రార్థన జరుగుతున్నట్టుంది."

"మీరు కూడా ఒకసారి వచ్చి కూర్చోండి మాస్టారూ. పాపాలు పోతాయి."

"నావి ఆ చిన్న గదిలో పట్టవులే."

మండల విద్యాధికారి తనిఖీకి వచ్చి, గోడల మీద నీతివాక్యాలు ఒక్కటీ లేవేంటని అడిగాడు. "గోడలకి నేర్పితే పిల్లలకి రాదండీ," అంది లిడియా. ఆయన ఏమనుకున్నాడో గాని సాయంత్రందాకా ఆ గదిలోనే కూర్చుని, వెళ్లేటప్పుడు మిగతా బళ్ల టీచర్లని ఇక్కడికి పంపి చూపిస్తానన్నాడు.

ఆయన మెప్పు కన్నా ఆమెని లోపల మురిపించింది ఇంకొకటి. అయిదో తరగతిలో శ్రీవల్లి అని ఉండేది. బస్టాండు దగ్గర కూరగాయలమ్మే వెంకాయమ్మ మనవరాలు. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు బిగించి కట్టుకుని వచ్చేది. కొత్తగా చేరిన పిల్లాడెవడైనా "టీచర్, వీడూ..." అంటూ లేస్తే వెనక నుంచి చొక్కా పట్టి కూర్చోబెట్టేది. "మన బళ్లో అలా చెప్పరు," అనేది. 'మన బడి' అని ఒక పిల్ల అనడం లిడియా అప్పుడే విన్నది. తాను అనుకున్నది నిలబడిందని ఆమెకి అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆ ఏడు వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం బడి వదిలారు. లిడియా వరండాలో గొడుగు విప్పుతూ చూసింది. నాలుగో తరగతి ఏబెల్ కుంటుకుంటూ పోతున్నాడు. మామిడితోట కాపలా ఉండే జోజప్ప కొడుకు వాడు. మెళ్లో నల్లదారానికి చిన్న సిలువ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట. ఆ రోజు మాట లేదు. వాడి సంచి శ్రీవల్లి తన సంచి మీద వేసుకుని మోస్తోంది. ఇంకో ఇద్దరు చెరో పక్కా భుజం ఇచ్చారు. ఒకడు వెనక నుంచి గొడుగు పట్టాడు.

"ఏమైందిరా?" అని పిలిచింది లిడియా.

ఏబెల్ శ్రీవల్లి వైపు చూశాడు. "ముల్లు గుచ్చుకుందండీ," అంది శ్రీవల్లి.

"ఏ ముల్లు?"

"తుమ్మముల్లండీ," అన్నారు అందరూ ఒక్కసారే.

చీలమండకి రుమాలు కట్టి ఉంది. అంచుల్లోంచి పసుపు కనబడుతోంది.

"ఏదీ, చూడనీ."

"కడిగేశామండీ. వంటామెనడిగి పసుపు కూడా పెట్టాం."

లిడియా కిందికి వంగబోయింది. గేటు దగ్గర బండి స్టార్టు చేసిన హనుమయ్య హారను కొట్టాడు. ఇద్దరూ మండలాఫీసులో మీటింగుకి వెళ్లాలి, అప్పటికే ఆలస్యం. ఆమె లేచి నిలబడింది. శ్రీవల్లి బుగ్గ తట్టింది.

"భేష్. ఇలా ఉండాలి. ఒకరికి నొప్పి వస్తే అందరూ మొయ్యాలి."

పిల్లలు నవ్వలేదు. నవ్వలేదని ఆమె గమనించింది కూడా. తడిసిపోయారు, అలిసిపోయారు అనుకుంది. బండెక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి చూసింది. నలుగురు ఒకణ్ని ఆనుకుని వానలో పోతున్నారు. ఈ దృశ్యం విద్యాధికారి చూసి ఉంటే బాగుండేది అనుకుంది.

దసరా సెలవుల తర్వాత ఏబెల్ రాలేదు. జ్వరమని చిట్టెమ్మ, వాడి తల్లి, కూలికి పోతూ గేటు దగ్గర చెప్పి వెళ్లింది. రెండు రోజులు పోయాక మధ్యాహ్నం భోజనాల వేళ లిడియా ఫోను మోగింది.

"టీచరమ్మా, నేను జోజప్పనండీ. బెజవాడ పెద్దాసుపత్రి నుంచి." అతని గొంతు పీలగా ఉంది. "పిల్లోడు నీళ్లు చూస్తే బెదిరిపోతున్నాడమ్మా. గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు పట్టేస్తోంది. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. కుక్క కరిచిందా అని డాక్టరుగారు అడుగుతున్నారు. మాకు తెలిసి లేదండీ. వాడేమో టైగర్, టైగర్ అంటున్నాడు. బళ్లో కుక్కపిల్లంట. మీకేమన్నా తెలుసా అమ్మా?"

"బళ్లో కుక్క లేదు జోజప్పా. ఉంటే పిల్లలు నాకు చెప్పరూ?"

అనేసింది. అన్నాక ఆ మాట నోట్లోనే ఉండిపోయినట్టయింది. ఎదురుగా వరసలో కూర్చుని తింటున్న పిల్లలు కంచాల్లోంచి తలెత్తలేదు. ఆమె మాట విన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

అవతల డాక్టరు ఫోను తీసుకున్నాడు. ఆయన మాటలు పొడిగా, తొందరగా వచ్చాయి. ఈ జబ్బు బయటపడ్డాక తాము చెయ్యగలిగింది ఏమీ లేదు. కాని ఆ కుక్కపిల్ల ఇంకెవరినైనా కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే టీకాలు మొదలుపెట్టాలి. కరిచి ఎన్నాళ్లయినా సరే, జబ్బు తల ఎత్తకముందే పడాలి. గాయాలు ఎక్కడున్నాయో కూడా తెలియాలి. గాయం దగ్గర వెయ్యాల్సిన మందు వేరే ఉంది. "ఒక్కణ్ని కూడా వదలకండి టీచర్ గారూ," అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే ఏబెల్ పోయాడు.

ఆ ఉదయం బడికి సెలవు ఇవ్వమని హనుమయ్య అన్నాడు. లిడియా వద్దంది. సెలవిస్తే పిల్లలు చేలకీ తోటలకీ చెదిరిపోతారు. అన్ని తరగతుల పిల్లల్నీ తన గదిలోనే కూర్చోబెట్టింది. ఏబెల్ కూర్చునే చోట వాళ్లంతట వాళ్లే జాగా వదిలేశారు.

"టైగర్ ఎవరు?" అని అడిగింది.

తలలు వంగాయి.

"ఎక్కడుంది?"

ఫ్యాను తిరిగే చప్పుడు.

"ఇంకెవర్నైనా కరిచిందా? గీరిందా? చెప్పండమ్మా. ఎవర్నీ ఏమీ అనను. మందు వేయించాలి, అంతే."

రెండో తరగతి బుడ్డోడొకడు నోరు తెరిచాడు. శ్రీవల్లి వాడి వైపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

హనుమయ్య బయటికి వెళ్లి వేపరివ్వ విరుచుకొచ్చాడు. "ఒక్కొక్కడి వీపు విమానం మోత మోగిస్తా. ఎవడ్రా కుక్కని తెచ్చింది?" అని గుమ్మంలోనే అరిచాడు. చిన్నపిల్లలు ఇద్దరు ఏడుపందుకున్నారు. పెద్దపిల్లలు మాత్రం చేతులు చాపారు. అడగకుండానే, వరసగా, ఒకరి తర్వాత ఒకరు అరచేతులు ముందుకు పెట్టారు. దెబ్బలు తింటాం, చెప్పం అన్నట్టు. హనుమయ్య చేతిలో రివ్వ అలాగే ఉండిపోయింది.

అతను లిడియాని వరండాలోకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఇది మీరు నేర్పిన విద్యేనమ్మా. పాత రోజులైతే ఈపాటికి పాతిక పేర్లు బల్లకెక్కి ఉండేవి. ఆ కుక్క బళ్లోకొచ్చిన రోజే మనకి తెలిసేది."

 అతను దెప్పడానికి అన్నాడో బాధతో అన్నాడో గాని అందులో అబద్ధం లేదు.

"అందర్నీ తీసుకుపోయి సూదులేయిద్దాం," అన్నాడు.

"వేయిద్దాం. కాని గాయమెక్కడో వాళ్లే చెప్పాలి మాస్టారూ. ఈ పిల్లల కాళ్లూ చేతులూ మీరు చూశారుగా. గీత లేనివాడు ఒక్కడున్నాడా? ఏది కంపది, ఏది కుక్కది?"

మళ్లీ లోపలికి వెళ్లి చెప్పి చూసింది. బతిమాలింది. చాడీ వేరు, ఇది వేరు అని వివరించబోయింది. ఆ తేడా వాళ్లకి ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదని, తనకి కూడా ఇప్పుడే తోస్తోందని చెబుతూ చెబుతుండగానే తెలిసింది. మధ్యలో ఆపేసింది. మాటలతో కట్టింది కాదు ఇది. మాటలతో ఊడిరాదు.

గదిలోంచి బయటికి వచ్చి నేరుగా చేతిపంపు దగ్గరికి నడిచింది. గట్టు మీద కూర్చుంది. అక్కడి నుంచి పిలిచింది.

"శ్రీవల్లీ, ఇటు రా. నీకూ నాకూ తగువుంది."

పిల్లలు కిటికీల దగ్గరికి చేరారు. టీచరు ఆ గట్టు మీద కూర్చోవడం వాళ్లు ఎప్పుడూ చూడలేదు. శ్రీవల్లి వచ్చింది. కాసేపు నిలబడి, తర్వాత ఎదురుగా కూర్చుంది. కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

"ముందు ఎవరు చెప్పాలి?"

"చిన్నవాళ్లు," అంది శ్రీవల్లి కిందికి చూస్తూ. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పద్ధతి. అలాంటిదొకటి ఉందని లిడియాకి తెలియదు.

"అయితే చెప్పు. నేను నీకేం చేశాను?"

 పంపు మూతి నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి.

"మీరే కదండీ చెప్పొద్దన్నారు."

'నేనన్నది అది కాదమ్మా' అన్న మాట లిడియా పెదాలదాకా వచ్చింది. అడ్డు రాకూడదు. పళ్లు బిగించుకుంది.

"టైగర్‌ని బడి వెనక పాడుబడ్డ పాత బాత్రూములో పెట్టామండీ. ఇంతుండేది. వానలో తడిసి అరుస్తుంటే తెచ్చాం. మాస్టారు చూస్తే మున్సిపాలిటీవాళ్లకి పట్టిస్తారని దాచాం. అందరం గుడ్డు తుంచి పెట్టేవాళ్లం. తర్వాత అది ఏమీ తినలేదు. నురగ కక్కేది. ఏబెల్ నీళ్లు పడదామని లోపలికి వెళ్తే కాలు పట్టేసింది." ఆమె గుక్క తిప్పుకుంది. "నొప్పిగా ఉంది, టీచరుకి చెబుతానన్నాడండీ. నేనే వద్దన్నాను. మన బళ్లో చెప్పరు కదా అన్నాను. మేం ఇక్కడే కూర్చున్నాం. వాడు అక్కడ, నేనిక్కడ. తప్పు నాది అన్నాడు. నీళ్లు కూడా తాగాం. మూడో రోజు టైగర్ చచ్చిపోతే గోడ పక్కన పాతిపెట్టాం. ఏబెలే ప్రార్థన చెప్పాడు."

లిడియా గోడ వైపు చూసింది.

"ఆ రోజు మీరు భేష్ అన్నారండీ," అంది శ్రీవల్లి. మొదటిసారి తలెత్తి చూసింది. "ఇప్పుడేమో చెప్పమంటున్నారు."

అంతటితో ఆగింది. ఇక లిడియా వంతు.

"తప్పు నాది," అంది లిడియా.

 లిడియా పంపు వైపు లేవబోయింది. శ్రీవల్లి లేవలేదు.

"మీరింకా నా మీద చెప్పలేదండీ."

"నీ మీద చెప్పడానికేముందమ్మా?"

"ఉండాలండీ. లేకపోతే నన్నెందుకు పిలిచారు?"

లిడియా ఆ పిల్ల మొహంలోకి చూసింది. నీ తప్పేమీ లేదని అనొచ్చు. అంటే నమ్మదు. జాలిపడి అంటున్నారనుకుంటుంది. ఇంటికి పోయి దాన్ని ఒక్కతే మోస్తుంది. గట్టు మీద ఉన్నది ఉన్నట్టే చెప్పాలి.

"ఏబెల్ చెబుతానంటే నువ్వు ఆపావు. ఆపడం నేర్పింది నేను. కాని ఆపింది నువ్వు. ఇప్పుడు మిగతావాళ్లని ఆపుతున్నావు. అదీ నీ మీద నాకున్న తగువు."

శ్రీవల్లి గట్టు అంచు పట్టుకుంది. "తప్పు నాది," అంది.

అని, ఎడమచేతి చొక్కా మడత పైకి లాగింది. మోచేతికి కాస్త పైన తెల్లగా మానిపోయిన గాట్లు రెండు, పక్కపక్కనే.

"నన్ను కూడా కరిచిందండీ. ఏబెల్ కన్నా ముందే."

కిటికీల దగ్గర నుంచి ఒక్కొక్కరే కదిలారు. అయిదో తరగతి కుర్రాడొకడు బయటికి వచ్చి బొటనవేలు చూపించాడు. ఇందాక నోరు తెరిచి మూసుకున్న బుడ్డోడు మోకాలి మీద ఆరిపోయిన పుండు చూపించి, "ఇక్కడ నాకిందండీ. చక్కిలిగింతలు పెట్టింది," అన్నాడు. హనుమయ్య రివ్వ గోడవతలికి విసిరేసి, ఆటోల కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు.

తగువు మాత్రం ఇంకా ముగియలేదు. శ్రీవల్లి పంపు కొట్టింది, లిడియా దోసిలి పట్టి తాగింది. తర్వాత లిడియా కొట్టింది. శ్రీవల్లి వంగి దోసిలి పట్టింది. నీళ్లు నిండాయి. లిడియా పంపు పిడి వదలకుండా ఆ పిల్ల గొంతు వైపే చూస్తూ నిలబడింది. ఒక గుటక దిగింది. ఇంకొకటి దిగింది. పిల్ల తడిచేతులతో మూతి తుడుచుకునేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

తిరువూరు ఆసుపత్రి వరండాలో వెంకాయమ్మ ఎదురైంది. బండి అలాగే వదిలేసి వచ్చినట్టుంది, కొంగుకి కొత్తిమీర రెబ్బలు అంటుకుని ఉన్నాయి. లోపల మనవరాలి మోచేతికి సూది వేస్తుంటే కేక వినిపించింది. ముసలమ్మ లిడియా ముందుకి వచ్చి నిలబడింది.

"ఇంట్లో గడగడా వాగేదమ్మా ఇది. నిరుటి నుంచి ఏమడిగినా ఏం లేదు నానమ్మా, ఏం లేదు నానమ్మా అంటే, పెద్దదవుతోంది, బుద్ధి వచ్చింది అనుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "చదువు చెప్పమని పంపితే నోరు కుట్టి పంపుతారా?"

లిడియా చేతులు కట్టుకుని నిలబడి విన్నది. ముసలమ్మ ఇంకా చాలా అంది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అన్నీ అయ్యాక వెంకాయమ్మే బల్ల మీద కూలబడి, "ఏదీ, ఆ చచ్చిపోయిన పిల్లోడి అమ్మ ఎక్కడుంది?" అని అడిగింది.

ఏబెల్‌ని మర్నాడు క్రైస్తవుల శ్మశానంలో పెట్టారు. మూడు రోజులాగి లిడియా తోటకి వెళ్లింది. మామిడిచెట్ల మధ్య రేకుల గది. చిట్టెమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, తిరగలేదు. జోజప్ప నులకమంచం వాల్చి ఆమెని కూర్చోమన్నాడు. తాను కింద కూర్చున్నాడు. గుమ్మం పక్కన మేకుకి బడిసంచి వేలాడుతోంది.

"ఒకటడుగుతాను, ఏమనుకోకమ్మా," అన్నాడు.

"అడుగు జోజప్పా."

"మావాడు మీకు భయపడి చెప్పలేదా? మీరు కొడతారని గాని, తిడతారని గాని..."

భయపడ్డాడంటే ఆ తండ్రికి కోప్పడ్డానికైనా ఏదో ఒకటి దొరికేది. ఆమె చెప్పదలుచుకుంటే అబద్ధం చాలా తేలిక.

"లేదు జోజప్పా. వాడు నాకు భయపడలేదు. నా మాట విన్నాడు."

జోజప్ప నేల మీదికి చెయ్యి చాచాడు. ఒక ఎండుటాకు తీసి రెండుగా చించాడు, మళ్లీ నాలుగుగా చించాడు. గోడ వైపు నుంచి చిట్టెమ్మ అంది, తిరక్కుండానే: "మంచోడని అనేవారు కదమ్మా అందరూ. మీ బళ్లో చేరాక మరీ మంచోడయ్యాడని."

లిడియా లేచింది. ఏం చెప్పి లేచిందో ఆమెకి తర్వాత గుర్తు లేదు.

ఇప్పుడు ఆ బడి ముందు నుంచి వెళ్తే రోడ్డు మీదికి గోల వినిపిస్తుంది. "టీచర్, వీడు గిల్లాడండీ." "టీచర్, ఈమె కాలు కడుక్కోలేదండీ." లిడియా పాఠం ఆపుతుంది. పుస్తకం బోర్లించి, చెప్పేవాడి ఎత్తుకి వంగి, చివరిదాకా వింటుంది. గట్టు ఇంకా ఉంది, తగువులు ఇంకా అక్కడికే వెళ్తాయి. కాని కింద పడ్డా, రక్తం వచ్చినా, ఎవరైనా ముట్టుకోరాని చోట ముట్టుకున్నా, కుక్కైనా పామైనా మనిషైనా, ముందు టీచరు దగ్గరికి రావాలి, ఆ తర్వాతే గట్టు. ఇది ఆమె గోడ మీద రాయలేదు. రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరి చేతులూ కాళ్లూ చూసి, "ఇదేంటి? ఇదెప్పుడు తగిలింది?" అని అడిగి లోపలికి పంపుతుంది. పాఠాలు వెనకబడ్డాయి. విద్యాధికారి ఈసారి వచ్చి, "ఏంటమ్మా, సంతలా ఉంది?" అన్నాడు. "అవునండీ," అంది. హనుమయ్య ఇప్పుడు జోకులు వెయ్యడం లేదు. సాయంత్రం పిల్లలు గేటు దాటేదాకా ఆమె పక్కనే నిలబడుతున్నాడు.

గాయాలు చూపించిన ముగ్గురు పిల్లలకీ సూదులన్నీ పూర్తయ్యాయి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇక భయం లేదని డాక్టరు వెంకాయమ్మకి చెప్పాడు. శ్రీవల్లికి కూడా చెప్పాడు.

శ్రీవల్లి ఇప్పుడు ఎవరి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టదు. బడి వదిలాక అందరూ వెళ్లేదాకా వరండాలో ఆగుతుంది. తిరిగి వచ్చి గది గుమ్మంలో నిలబడుతుంది. లిడియా వచ్చి తలుపు మూస్తుంటే చెబుతుంది.

"టీచర్, ఇవాళ ఎవరికీ ఏమీ కాలేదండీ."

ఇక రోజూ చెప్పనక్కర్లేదమ్మా అని లిడియా మొదట్లో ఒకట్రెండుసార్లు అంది. పిల్ల తల ఊపింది. మర్నాడు మళ్లీ వచ్చి నిలబడింది. ఇప్పుడు లిడియా వద్దనడం మానేసింది. తాళం చేతిలో పట్టుకుని, ఆ పిల్ల చెప్పేది పూర్తిగా విని, "సరే, ఇంక ఇంటికి వెళ్లు," అంటుంది. అప్పటిదాకా శ్రీవల్లి కదలదు.